హాజరు పట్టీలో మన లెక్క

కృష్ణా డెల్టాలో ఒక చిన్న సర్కారు బడి నిలుస్తుందా, మూతపడుతుందా అన్నది ఇవాళ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంది. దాన్ని బడి భాషలో స్ట్రెంగ్తు అంటారు. హాజరు పట్టీలో ఎన్ని పేర్లుంటే దాన్ని బట్టి టీచరు పోస్టు వస్తుంది, లేదా పోతుంది. మూడో తరగతి ఊళ్ళోనే ఉంటుందా, పక్కూరు హైస్కూలుకు పోతుందా అన్నదీ దాన్ని బట్టే. ఈ అంకెలో మన యానాది, ఎరుకల, సుగాలి, నక్కల పిల్లలు ఎప్పటినుంచి ఉన్నారు, ఎవరి అవసరం కోసం వాళ్ళను లెక్కపెట్టారు, ఆ లెక్క వల్ల మనకు ఏం ఒరిగింది, ఏం పోయింది అన్నది ఈ వ్యాసంలో చూద్దాం. చదువు విలువ గురించి మనవాళ్ళు చాలా రాశారు. బడి లెక్క గురించి రాసింది తక్కువ.

ముందుగా మనం ఎంతమందిమో చూద్దాం. 2011 జనాభా లెక్కల ప్రకారం పాత కృష్ణా జిల్లా జనాభా 45,17,398. అందులో గిరిజనులు నూటికి సుమారు ముగ్గురు. ఆ ముగ్గురూ ఒక్కచోట ఉండరు. సుగాలి తండాలు ఎక్కువగా పైభాగంలో, అంటే ఎ.కొండూరు, విస్సన్నపేట, తిరువూరు, మైలవరం వైపు ఉన్నాయి. యానాదులు కాలవ గట్ల మీద, చెరువు కట్టల మీద, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, బందరు వైపు తీరం పొడవునా ఉన్నారు. ఎరుకల వాళ్ళు ఊళ్ళ అంచుల్లో, విజయవాడ చుట్టుపక్కల పేటల్లో ఉన్నారు. కింది డెల్టాలో ఏ ఊరు తీసుకున్నా మనవి పది ఇళ్ళో ఇరవై ఇళ్ళో ఉంటాయి. అంటే ఆ ఊరి బడిలో మన పిల్లలు నలుగురో, ఎనిమిది మందో ఉంటారు.

ఏజెన్సీలో పరిస్థితి వేరు. అక్కడ గూడెం అంతా మనదే, బడిలో పిల్లలంతా మనవాళ్ళే. షెడ్యూల్డు ప్రాంతం కాబట్టి అక్కడి టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసే దాకా ఇరవై ఏళ్ళు నడిచింది. కృష్ణా జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం లేదు, ఐటీడీఏ లేదు. ఇక్కడ మన బిడ్డ ఎప్పుడూ వేరేవాళ్ళ ఊరి బడిలో, వేరేవాళ్ళ పిల్లల మధ్య కూర్చునే బిడ్డే. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుంటే మిగతా చరిత్ర అర్థమవుతుంది.

మొదటి పట్టీ

డెల్టాలో మనవాళ్ళ పేర్లు మొదట ఎక్కిన రిజిస్టరు బడిది కాదు, పోలీసులది. నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన వచ్చింది. 1911 నాటి చట్టంతో మద్రాసు రాజధానికీ పాకింది. నోటిఫై చేసిన జాతిలో పుట్టినవాళ్ళు రిజిస్టరులో పేరు రాయించుకోవాలి, వేలిముద్రలు వేయాలి, ఊరు దాటాలంటే చెప్పి వెళ్ళాలి. ఆ చట్టం కిందనే సెటిల్‌మెంట్లు పుట్టాయి. బెజవాడకు ఎదురుగా కృష్ణకు ఆవలి ఒడ్డున సీతానగరంలో ఒకటి, బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురంలో ఒకటి. రెండూ 1913, 1914 ప్రాంతాల్లో మొదలయ్యాయి. రెండింటినీ నడిపింది సాల్వేషన్ ఆర్మీ. స్టువర్టుపురానికి ఆ పేరు మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడైన హెరాల్డ్ స్టువర్టు మీద వచ్చింది. సెటిల్‌మెంట్లకు తెచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఎరుకలవాళ్ళు. స్టువర్టుపురం వాళ్ళలో చాలామంది తర్వాత చీరాలలోని పొగాకు కంపెనీకి కూలీలయ్యారు.

సెటిల్‌మెంటులో పెద్దలకు హాజరు పిలుపు ఉండేది. పిల్లలకు బడి ఉండేది, అక్కడా హాజరు ఉండేది. పెద్దల హాజరు వాళ్ళు పారిపోకుండా చూడడానికి. పిల్లల హాజరు ఎందుకో తెలియాలంటే ఆ చట్టంలో 17వ సెక్షను చూడాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక, వ్యవసాయ, సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం ప్రభుత్వానికి ఆ సెక్షను ఇచ్చింది. పిల్లలంటే ఆరేళ్ళు దాటి పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళు. మనకు తెలిసిన బడి ఈడు దాదాపు అంతా అందులో ఉంది. నేరం పుట్టుకతో వస్తుందని నమ్మిన సర్కారు, తల్లి ఒడి నుంచి తీస్తేనే బిడ్డ బాగుపడతాడని లెక్క వేసుకుంది.

ఇది మన ఒక్క చోటే జరగలేదు. కెనడాలో ఆదివాసీ పిల్లలను ఇళ్ళ నుంచి తీసుకుపోయి హాస్టలు బళ్ళలో పెట్టారు. ఆస్ట్రేలియాలో ఆదివాసీ తల్లుల దగ్గరినుంచి పిల్లలను తీసేసుకున్నారు. ఆ రెండు దేశాల ప్రభుత్వాలూ 2008లో తమ పార్లమెంటుల్లో క్షమాపణ చెప్పాయి. మన పాఠ్య పుస్తకాల్లో సీతానగరం అంటే ప్రకాశం బ్యారేజీకి అవతలి ఒడ్డు, అంతే.

సెటిల్‌మెంటు బళ్ళలో అక్షరాలు నేర్చుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పిల్లల్లో, మనవల్లో టీచర్లైనవాళ్ళు, ఉద్యోగాలు చేసినవాళ్ళు ఉన్నారు. దాన్ని కాదనకూడదు. అయితే ఆ బళ్ళు ఇంకొకటి కూడా వదిలిపెట్టి పోయాయి. సర్కారు మనిషి పుస్తకం తీసి పేరు అడిగితే చెప్పాలా వద్దా అన్న జంకు అది. బడిబాట రోజుల్లో కాలనీకి వెళ్ళిన టీచరుకు ముసలమ్మలు పిల్లల పేర్లు చెప్పకుండా తప్పుకుంటే, దాన్ని చదువు మీద ఇష్టం లేకపోవడంగా చూడొద్దు. పేరు ఎక్కితే ఏమవుతుందో ఆ కుటుంబాలు రెండు తరాలు చూశాయి.

సమితి బడి

ఈ చట్టాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో రద్దు చేసింది. దేశం మొత్తం మీద ఏం చేయాలో చెప్పడానికి 1949లో వేసిన కమిటీకి అధ్యక్షుడు మన తెలుగువాడే, అనంతశయనం అయ్యంగార్. ఆ కమిటీ సిఫారసుతో 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం పోయింది. యానాదుల మధ్య ఏళ్ళ తరబడి పనిచేసి, ఈ చట్టానికి వ్యతిరేకంగా పోరాడిన వెన్నెలకంటి రాఘవయ్య పేరు ఇక్కడ చెప్పుకోవాలి. యానాదుల మీద ఆయన ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1962లో వచ్చింది. 1970ల్లో విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన హేమలత, లవణం స్టువర్టుపురంలో సంస్కరణ పని పెట్టుకున్నారు. హేమలత మహాకవి జాషువా కూతురు.

చట్టం పోయాక మన పిల్లలు వెళ్ళాల్సింది ఊరి బడికే. ఆ బడిని అప్పటికి మనకోసం కట్టలేదు. 1920లో మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. జిల్లా బోర్డులు, మిషన్లు బళ్ళు పెట్టాయి. అణగారిన కులాల కోసం లేబర్ శాఖ పెట్టిన బళ్ళను లేబర్ స్కూళ్ళనేవాళ్ళు. అవి ఊరి మధ్యలోనో, మాలపల్లె మాదిగపల్లెల్లోనో ఉండేవి. కాలవ గట్టు మీద పది గుడిసెలుంటే దానికోసం బడి పెట్టినవాళ్ళు అరుదు. గట్టు సర్కారు జాగా, గుడిసె ఎప్పుడైనా లేచిపోతుంది, అక్కడ బడేమిటి అన్నది లెక్క.

1959 చట్టంతో పంచాయతీ సమితులు వచ్చాయి. ప్రాథమిక బళ్ళు సమితుల చేతికి పోయాయి. అందుకే మన పెద్దలు ఇప్పటికీ సమితి బడి అంటారు. 1986 తర్వాత సమితులు పోయి మండలాలు వచ్చాయి. బోర్డు మీద మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అని మారింది. ఒక గది, ఒక టీచరు, అయిదు తరగతులు. 1987లో వచ్చిన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు ప్రతి బడికి కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలంది. ఏకోపాధ్యాయ పాఠశాల అనే మాట మాత్రం డెల్టాలో ఇవాళ్టికీ పోలేదు.

ఈ మధ్యకాలంలోనే మన పేర్లు షెడ్యూల్డు తెగల జాబితాలో చేరాయి, అడ్మిషన్ రిజిస్టరులో ఎస్టీ అనే రాత మొదలైంది. పోలీసు పుస్తకంలో నేరస్థ జాతి అని రాసినవాళ్ళ మనవడికి బడి పుస్తకంలో ఎస్టీ అని పడింది. ఈ మార్పు చిన్నది కాదు. స్కాలర్‌షిప్పు, హాస్టలు, రిజర్వేషను అన్నీ ఆ రెండు అక్షరాల మీదే వచ్చాయి. అందువల్ల ఆ గడిలో ఏం రాస్తున్నారన్నది మనకు ప్రాణం లాంటి విషయం. చల్లా యానాది, కప్పల యానాది, మంచి యానాది, రెడ్డి యానాది అని ఇంట్లో చెప్పే పేర్లు, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల, ఉప్పు ఎరుకల అనే పేర్లు జాబితాలోకి స్పష్టంగా ఎక్కింది 2003 చట్ట సవరణతోనే. నక్కలవాళ్ళు జాబితాలో చేరిందీ దానితోనే. అంతకు ముందు చేరిన పిల్లల రాతల్లో కులం గడిలో తేడాలుంటే, పదో తరగతి తర్వాత సర్టిఫికెట్టు దగ్గర ఆ తేడాలే అడ్డొస్తాయి.

విడిచిన కారణం

పాత అడ్మిషన్ రిజిస్టరు ఎప్పుడైనా తెరిచి చూడండి. వరుస సంఖ్య, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, చేరిన తేదీ, చేరిన తరగతి, విడిచిన తేదీ, విడిచిన కారణం అని గళ్ళుంటాయి. మన చరిత్రకు పనికొచ్చేవి వాటిలో మూడు.

ఒకటి పుట్టిన తేదీ. ఆసుపత్రి కాన్పులు లేని రోజుల్లో మన పిల్లలకు పుట్టిన తేదీని బడే ఇచ్చింది. జూన్‌లో అయిదేళ్ళు నిండాలి కాబట్టి ఏ జూన్ నెల తేదీయో వేసేవాళ్ళు. ఒకే వీధిలో అంతమంది జూన్‌లో పుట్టడం రిజిస్టరులోనే జరుగుతుంది.

రెండు మాతృభాష. డెల్టా బళ్ళలో ఆ గడిలో అందరికీ తెలుగు అనే పడింది. ఎరుకలవాళ్ళకు కుర్రు అనే సొంత భాష ఉంది, సుగాలీలకు గోరుబోలి ఉంది. 2003, 2004 ప్రాంతంలో రాష్ట్రం సవర, కువి, కోయ, గోండి, బంజారా లాంటి ఎనిమిది భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఎరుకల భాష ఆ ఎనిమిదిలో లేదు. బడి పుస్తకంలో కనిపించని భాషకు బడి పాఠం ఎక్కడినుంచి వస్తుంది?

మూడోది విడిచిన కారణం. మిగతా పిల్లలకు ఆ గడిలో అయిదో తరగతి పాసైనట్టో, టీసీ తీసుకుని వేరే ఊరు పోయినట్టో ఉంటుంది. మన పిల్లలకు తరచుగా కనిపించే రాత దీర్ఘకాల గైర్హాజరు. ఆ రెండు మాటల వెనక ఏ పని ఉందో, ఏ ఊరు ఉందో, ఏ అప్పు ఉందో ఆ గడిలో పట్టదు. అది తెలియాలంటే డెల్టా పనుల సంగతి చూడాలి.

ఉప్పెన, చెరువులు

బెజవాడ దగ్గర ఆనకట్ట 1852 నుంచి 1855 దాకా కట్టారు. కాలవలు వచ్చాక డెల్టా అంతా వరి అయింది. వరి వచ్చినచోట ఎలుక వచ్చింది. ఎలుకలు పట్టే నేర్పుతో యానాదులు రైతుకు అవసరమయ్యారు. బొరియల్లో దొరికిన వడ్లు, కాలవల్లో చేపలు, కాపలా కూలి, ఇవీ బతుకుతెరువు. కోత కాలంలో ఊరూరూ తిరిగే పని కాబట్టి బిడ్డ కూడా తల్లిదండ్రుల వెంట తిరిగేది.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరపు పల్లెల్లో జనం కుప్పలుగా పోయారు. మొత్తం మీద పదివేల మందికి పైగా చనిపోయారు. నీటికి ఎదురు నిలవలేని పసివాళ్ళు, ముసలివాళ్ళు ముందు పోయారు. ఆ తర్వాతి ఏళ్ళలో ఆ తీరపు బళ్ళలో ఒకటో తరగతికి రావలసిన పిల్లల్లో చాలామంది లేరు. తీరంలో చదువు చెప్పే టీచర్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1977 తర్వాత అయిదారేళ్ళు బడి అంకె తగ్గితే అది చదువు మీద ఆసక్తి తగ్గి కాదు.

ఉప్పెన తర్వాత స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం కలిసి పక్కా కాలనీలు కట్టాయి, తుపాను షెల్టర్లు కట్టాయి. చాలాచోట్ల ఆ షెల్టరే బడి అయింది. గట్టు మీద గుడిసెల్లో ఉన్న మనవాళ్ళలో కొందరికి మొదటిసారి ఒక చిరునామా వచ్చింది. చిరునామా ఉంటేనే రేషను కార్డు, ఓటు, బడి. మనవాళ్ళ పేర్లు బడి పట్టీలో నిలవడం మొదలైంది ఈ కాలనీల వల్లే.

1980ల చివర నుంచి రొయ్యల చెరువులు వచ్చాయి. వరి చేలు చెరువులయ్యాయి. ఎలుకల పని తగ్గింది, చెరువు కాపలా పని పెరిగింది. యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని, భార్యాబిడ్డలతో చెరువు గట్టు మీద పాకలో ఉండడం ఆ పని పద్ధతి. ఆ గట్టు నుంచి బడి ఎన్ని మైళ్ళో ఎవరూ అడగరు. మరికొందరు సంక్రాంతి దాటాక ఇటుక బట్టీలకు పోతారు, వానలు మొదలయ్యే దాకా తిరిగి రారు. కొందరు మడ అడవుల్లో పీతలకు పోతారు.

ఇప్పుడు బడి లెక్క ఎప్పుడు తీస్తారో చూడండి. దేశమంతటా బడి వివరాలు తీసే యుడైస్ లెక్కకు చాలా ఏళ్ళుగా ఆధార తేదీ సెప్టెంబరు 30. అప్పటికి మన పిల్లలు బడిలోనే ఉంటారు. వరి కోతలు, బట్టీలు, చెరువుల పనులు తర్వాత మొదలవుతాయి. లెక్క ప్రకారం ఉన్న బిడ్డ ఫిబ్రవరిలో ఉండడు. ఏప్రిల్‌లో పరీక్ష రాయడు. జూన్‌లో వచ్చేసరికి పేరు ఉంటుందో లేదో టీచరు దయ. ఈ బిడ్డ బడిలో ఉన్నట్టా లేనట్టా అంటే, లెక్కలో ఉన్నాడు, చదువులో లేడు.

2003 జనవరిలో రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. మన కాలనీల పిల్లలను బడిలో నిలిపిన పథకాల్లో దీన్ని మొదట చెప్పాలి. 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది, తల్లి ఖాతాలో ఏడాదికి 15,000 అన్నారు. తర్వాత నూటికి 75 హాజరు ఉండాలన్నారు. ఊళ్ళో ఉండే కుటుంబానికి అది మామూలు షరతు. బట్టీకి పోయే కుటుంబానికి అది ముందే తప్పిపోయిన పరీక్ష. ఆధారు, బ్యాంకు ఖాతా, కులం సర్టిఫికెట్టు మూడూ సరిగా ఉన్న తల్లికే డబ్బు. అవి లేనివాళ్ళు మనలోనే ఎక్కువ.

మొత్తం తగ్గితే మన వాటా పెరుగుతుంది

1990ల నుంచి డెల్టాలో ఇంకో మార్పు మొదలైంది. ఊళ్ళో స్తోమతు ఉన్నవాళ్ళు పిల్లలను కాన్వెంటు బస్సు ఎక్కించారు. ముందు భూమి ఉన్న కులాలవాళ్ళు పోయారు, తర్వాత చిన్న రైతులు, చేతిపనులవాళ్ళు పోయారు. విజయవాడ చుట్టూ కార్పొరేటు కాలేజీలు, వాటి కింద ప్రైవేటు బళ్ళు పెరిగాక ఆ పోక వేగమైంది. కుటుంబాలు చిన్నవి కావడంతో ఊళ్ళో పిల్లల సంఖ్యా తగ్గింది. సర్కారు బడిలో మిగిలింది దళిత పిల్లలు, కూలి చేసుకునే వెనుకబడిన కులాల పిల్లలు, మన పిల్లలు.

దీన్ని లెక్కలో పెట్టి చూద్దాం. ఒక ఊరి బడిలో ఒకప్పుడు 80 మంది ఉన్నారనుకుందాం. అందులో మనవాళ్ళు 8 మంది. అంటే నూటికి పది. ఇరవై ఏళ్ళకు ఆ బడిలో 20 మంది మిగిలారు. మనవాళ్ళు అదే 8 మంది. ఇప్పుడు మన వాటా నూటికి నలభై. మన ఇళ్ళు పెరగలేదు, పిల్లలు పెరగలేదు. బడి మన చుట్టూ చిన్నదైపోయింది.

ఈ లెక్కకు రెండు ఫలితాలు. ఒకటి, అది పేదల బడి, యానాదుల బడి అన్న పేరు పడుతుంది. ఆ పేరు పడ్డాక మిగిలిన వాళ్ళలో ఇంకొందరు పోతారు. రెండోది అంతకన్నా పెద్దది. ఆ బడి నిలవాలంటే ఇప్పుడు మన పిల్లలే ఆధారం. 80 మందిలో 8 మంది కోతలకు పోతే బడికి ఏమీ కాలేదు. 20 మందిలో 8 మంది పోతే బడే పోతుంది. ఒకప్పుడు లెక్కలోకి రాని పిల్లలు ఇవాళ ఆ లెక్కకు కీలకమయ్యారు. ఈ సంగతి మన కాలనీల పెద్దలకు ఎవరూ చెప్పలేదు. ఊరివాళ్ళకూ తెలిసినట్టు లేదు.

తరగతులు దూరమైతే

విద్యా హక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలి, 61 నుంచి 90 దాకా ముగ్గురు. అరవై ఒకటో బిడ్డ ఒక్కడే ఒక టీచరును తెస్తాడు, వాడు పోతే ఆ టీచరూ పోతాడు. అంకె అంచున ఉన్న బళ్ళలో మన బిడ్డ ఎంత విలువైనవాడో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతులను అక్కడికి కలపాలన్నారు. సబ్జెక్టుకో టీచరు దొరుకుతాడన్నది దాని వెనక వాదన. ఆ వాదనలో కొంత న్యాయం ఉంది, ఒక్క టీచరు అయిదు తరగతులకు చెప్పడం ఎవరికీ మేలు కాదు. అయితే కిలోమీటరును మ్యాపు మీద కొలవడం వేరు, డెల్టాలో నడవడం వేరు. మధ్యలో కాలవ ఉంటుంది, వంతెన ఎక్కడో ఉంటుంది, బస్సులూ లారీలూ తిరిగే రోడ్డు దాటాలి. కాలనీ ఊరికి అవతలి అంచున ఉంటే ఊరి బడి నుంచి కొలిచిన కిలోమీటరు మన బిడ్డకు రెండు అవుతుంది. ఎనిమిదేళ్ళ బిడ్డను తల్లి అంత దూరం పంపదు, తనతో పాటు చెరువు గట్టుకు తీసుకుపోతుంది. ఎదురుమొండి లాంటి దీవుల్లో పంటు ఎక్కి ఏరు దాటే జనానికి దూరం అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

1, 2 తరగతులే మిగిలిన బడి సంగతి చూస్తే, అక్కడ పది మంది పిల్లలు, ఒక టీచరు. ఆ టీచరు సెలవు పెడితే బడికి సెలవే. అన్న మూడో తరగతికి పోయాక చెల్లెల్ని బడికి తీసుకొచ్చేవాళ్ళు ఉండరు. 2025లో ప్రభుత్వం జీవో 117ను రద్దు చేసి బళ్ళను మళ్ళీ వేరే రకాలుగా విడదీసింది. ఈసారీ విడదీసింది పిల్లల సంఖ్యను బట్టే. నిర్ణయాలు మారుతున్నాయి, కొలత మాత్రం మారడం లేదు.

జిల్లా లెక్కలకూ ఇలాంటి చిక్కే వచ్చింది. 2022 ఏప్రిల్ 4న పాత కృష్ణా జిల్లా విడిపోయింది. సుగాలి తండాలు ఎక్కువగా ఉన్న పై మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి పోయాయి. కైకలూరు వైపు ఏలూరు జిల్లాలో కలిసింది. మిగిలిన కృష్ణా జిల్లాలో ఎస్టీ అంటే ఎక్కువగా యానాదులు, ఎరుకలవాళ్ళు. పాత జిల్లాలో ఎస్టీ చదువు అంకె అన్నప్పుడు అందులో తండాలూ ఉన్నాయి, చెరువు గట్లూ ఉన్నాయి. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజనుల అక్షరాస్యత నూటికి 49.2, మొత్తం జనంలో 67. ఆ 49లో యానాది ఆడపిల్ల ఎక్కడుందో ఎస్టీ అనే ఒక్క గడి చెప్పదు. పాత జిల్లా అంకెనూ కొత్త జిల్లా అంకెనూ పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అని ఎవరైనా అంటే, ముందు ఏ మండలాలు అందులో ఉన్నాయో అడగాలి.

మన లెక్క మనం రాద్దాం

నూరేళ్ళుగా మనల్ని లెక్కపెట్టింది వేరేవాళ్ళు. సెటిల్‌మెంటు మేనేజరు కాపలా కోసం లెక్కపెట్టాడు. సర్కారు శాఖలు పథకం కోసం, పోస్టు కోసం లెక్కపెట్టాయి. మన బిడ్డ ఏడాదిలో ఎన్ని నెలలు బడిలో ఉంటున్నాడు, ఏ నెలలో ఎందుకు పోతున్నాడు అన్న లెక్క వీటిలో దేనికీ అవసరం రాలేదు. అది మనకే అవసరం. అందుకే దాన్ని మనమే రాయాలి.

ప్రతి కాలనీలో చదువుకున్న యువకుడో యువతో ఒక నోటు పుస్తకం పెట్టండి. అయిదు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లల పేర్లు, ఇంట్లో చెప్పే తెగ పేరు, ఇంట్లో మాట్లాడే భాష, ఏ బడి, ఏ తరగతి, కాలనీ నుంచి బడికి నడిచే దారి ఎంత, మధ్యలో ఏముంది రాయండి. ఏ కుటుంబం ఏ నెలలో ఏ పనికి పోతుందో, ఎప్పుడు వస్తుందో రాయండి. రెండేళ్ళు రాస్తే చాలు, దీర్ఘకాల గైర్హాజరు అన్న గడికి అసలు అర్థం దొరుకుతుంది. ఈ పుస్తకం పోలీసు పుస్తకం లాంటిది కాకూడదు. కాలనీ పెద్దల ఎదుట రాయాలి, వాళ్ళకు చదివి వినిపించాలి, కాలనీలోనే ఉంచాలి.

టీచర్లకు ఒక మాట. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చే బాధ్యత స్థానిక సంస్థలదని విద్యా హక్కు చట్టం 9వ సెక్షను చెబుతోంది. వయసు రుజువు లేదని చేర్చుకోకపోవడం కుదరదని 14వ సెక్షను, వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షను, వేరే బడికి పోయే హక్కు ఉందని 5వ సెక్షను చెబుతున్నాయి. పేరు తీసేసే ముందు ఆ కుటుంబం ఎక్కడికి పోయిందో కనుక్కుని, అక్కడి బడికి టీసీ పంపితే ఆ బిడ్డ ఏడాది మిగులుతుంది. బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలని, బలహీన వర్గాల తల్లిదండ్రులకు పిల్లల దామాషాలో చోటు ఇవ్వాలని 21వ సెక్షను చెబుతోంది. నూటికి నలభై మంది మన పిల్లలున్న బడి కమిటీలో మన తల్లులు ఎంతమంది ఉన్నారో కమిటీ ఎన్నిక రోజున లెక్కపెట్టి చూడండి.

పాత రిజిస్టర్ల మాట కూడా చెప్పుకోవాలి. సమితి బడి కాలం నాటి అడ్మిషన్ పుస్తకాలు ఇంకా కొన్ని బళ్ళ బీరువాల్లో ఉన్నాయి. చెమ్మకు, చెదలకు పోతున్నాయి. బడి మూతపడితే అవి మండల కార్యాలయానికి చేరి మూలన పడతాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో వాటిని చూసి, మన పిల్లలు ఏ ఏడు మొదట చేరారో, మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరిందో, ఎవరు అయిదో తరగతి దాటారో రాసుకోండి. మన తాతల గురించి రాత కావాలంటే పోలీసు కాగితాల్లో వెతకాల్సి వస్తోంది. మన అమ్మానాన్నల రాతైనా బడి పుస్తకంలో దొరకాలి.

జూన్‌లో బడిబాట మొదలవుతుంది. టీచర్లు కాలనీకి వచ్చి ఎంతమంది పిల్లలని అడుగుతారు. ఆ రోజుకు మన నోటు పుస్తకం సిద్ధంగా ఉండాలి. టీచరు పట్టీ, మన పట్టీ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూసుకోవాలి. సెప్టెంబరు 30కి ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి అదే పని చేయాలి. బడిలో పిల్లలు లేరని ఎవరైనా అన్ననాడు, ఏ బిడ్డ ఏ నెలలో ఏ గట్టు మీద ఉన్నాడో పేరు పెట్టి చెప్పగలగాలి.